గోడవతల అభిమాని

గోడకు కన్నం వేయాలంటే ముందు పాట కట్టడం నేర్చుకోవాలని బావ తేల్చి చెప్పాడు.

అవతల నగల దుకాణం. ఇవతల ఖాళీ గది. మధ్యన ఒక్కటే గోడ. ఆ గోడకు నాలుగడుగుల్లోనే దుకాణం ఇనప్పెట్టె ఉంది. డ్రిల్లు పెడితే వీధంతా వినిపిస్తుంది. దాని మీద ఇంకో మోత పెడితే ఎవరికీ అనుమానం రాదు. అందుకని గది అద్దెకు తీసుకుని తలుపు మీద 'సంగీత స్టూడియో' అని బోర్డు కొట్టారు. గోడలకు గుడ్ల అట్టలు అంటించారు. పెద్ద స్పీకర్లు రెండు, పాత కంప్యూటరు ఒకటి తెచ్చారు. డ్రిల్లు బావమరిదిది. పాట బావది.

బావకు అంతవరకు పాటంటే స్నానాల గదిలో తీసే కూనిరాగమే. ఫోనులో ఉచిత పాఠాలు చూడటం మొదలుపెట్టాడు. ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతమట. అంతా కంప్యూటరులోనే కట్టుకోవచ్చట, వాయించడం రానక్కర్లేదట. అయితే అందులో బోలెడు రకాలు.

ముందు హౌస్ అనే రకం కట్టాడు. డబ్, డబ్, డబ్, డబ్. నాలుగు దెబ్బలూ ఒకే తూకం.

"నిమ్మళంగా గుండె కొట్టుకున్నట్టుంది బావా. దెబ్బకీ దెబ్బకీ మధ్య డ్రిల్లు ఇట్టే దొరికిపోతుంది," అన్నాడు బావమరిది.

వేగం పెంచి టెక్నో కట్టాడు. ఫ్యాక్టరీలో యంత్రాలన్నీ ఒక్కసారి పూనకం పట్టినట్టుంది. దాని చాటున కాస్త ఇటుక రాలింది. ఉత్సాహం వచ్చి ట్రాన్స్ కట్టాడు. అది తేలుతూ తేలుతూ పైకెక్కుతుంది. ఇక విరుచుకు పడుతుందనగా దెబ్బలన్నీ ఆపేసి సన్నగా నిట్టూరుస్తుంది. ఆ నిట్టూర్పులో డ్రిల్లు ఒక్కటే గుర్రుమంది.

ఇద్దరూ కొయ్యబారిపోయారు. తలుపు చప్పుడైంది.

బావమరిది గోడకు పరదా లాగి, డ్రిల్లు మీద దుప్పటి కప్పి, దాని మీద కూర్చున్నాడు. బావ తలుపు తీశాడు.

"పక్క దుకాణం నాదేనండీ," అన్నాడు వచ్చినాయన. బట్టతల, వేళ్ళ నిండా ఉంగరాలు. "ఏమిటి వాయిస్తున్నారు?"

"ట్రాన్సండీ. ఇబ్బందైతే తగ్గించేస్తాం."

"తగ్గించడమా! ఎంత మాట! పెంచండి. కాకపోతే మధ్యలో అలా ఆపకండి, ప్రాణం ఉసూరుమంటుంది. ఆపకుండా గర్జించే రకం ఏదీ లేదా?"

"డబ్‌స్టెప్ అని ఉందండీ. ఇంకా నేర్చుకోవాలి."

"నేర్చుకోండి, నేర్చుకోండి. కళాకారుల్ని కాదనే మనిషిని కాను."

ఆయన వెళ్ళాక బావమరిది చెమట తుడుచుకున్నాడు. "బతికిపోయాం బావా."

బావకు ఆ మాట వినపడలేదు. "కళాకారుడన్నాడ్రా," అన్నాడు.

అప్పట్నుంచీ మనిషి మారిపోయాడు. తిండి మాని డబ్‌స్టెప్ పట్టుకున్నాడు. బేస్ అనే అడుగు స్వరం బర్రుమని గుర్రుమని గోడలు వణికేట్టు కట్టాడు. అందులో డ్రిల్లు ఏదో, పాట ఏదో వాళ్ళకే తెలిసేది కాదు. మేడ మీది దర్జీ భరించలేక పోలీసులకు చెప్తానంటే దుకాణదారే వెళ్ళి సముదాయించి వచ్చాడు. రెండు పూటలా టీ పంపించాడు.

పని సాగుతోంది గానీ, బావతో పెద్ద తలనొప్పి వచ్చిపడింది.

"ఒరేయ్, తాళం తప్పుతున్నావు. రెండో దెబ్బ దగ్గర ఆపి నాలుగో దెబ్బకు అందుకో."

"కన్నానికి తాళమేంటి బావా!"

"ఆయన వింటాడ్రా."

"ఇలాగైతే అక్కతో చెప్పేస్తా. మీ ఆయన దొంగతనం మానేసి పాటలు కట్టుకుంటున్నాడని. నలుగురిలో తలెత్తుకుంటుందా అది?"

దుకాణదారు మళ్ళీ వచ్చాడు. "ఆదివారం మాకు సెలవండీ. మనిషనేవాడు ఉండడు. పొద్దుట్నుంచీ మొదలుపెట్టి పాట పూర్తి చేసెయ్యండి."

బావ కళ్ళు చెమర్చాయి. లోకంలో తన పాట మెచ్చింది ఒక్కడు. వాడి ఇనప్పెట్టేనా దోచుకోవడం అని మథనపడ్డాడు.

"బంగారం అమ్మాక నీ కచేరీకి ఆయన్ని ముందు వరసలో కూర్చోబెడుదువుగానిలే. ముందు స్విచ్చి వెయ్యి," అన్నాడు బావమరిది.

ఆదివారం మధ్యాహ్నానికి చివరి ఇటుక ఊడింది. ఇద్దరూ పాక్కుంటూ లోపలికి దూరారు. ఇనప్పెట్టె తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల మఖమల్ డబ్బాలు. అన్నీ ఖాళీ.

"మనకన్నా ముందే ఎవడో ఊడ్చేశాడు బావా!"

దీపాలు వెలిగాయి. ఎదురుగా పోలీసులు. వాళ్ళ వెనక దుకాణదారు గుండెలు బాదుకుంటున్నాడు.

"సర్వం ఊడ్చేశారండీ! ఇన్సూరెన్సు ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఉరేసుకోవాల్సిందే!"

"ఒట్టు సార్, మేం ఒక్క ఉంగరం కూడా ముట్టుకోలేదు," అన్నాడు బావమరిది.

ఇన్‌స్పెక్టరు కన్నం కేసి చూశాడు. "మరి గోడకు చిల్లు పాట వింటూ దానంతటదే పడిందా? సరుకు ఎవడి చేత దాటించారో స్టేషనులో చెబుదురుగాని, నడవండి."

బేడీలు పడ్డాయి. బావమరిది ఏడుస్తూ నడిచాడు. బావకు మాత్రం బంగారం దిగులు లేదు, జైలు దిగులూ లేదు. దుకాణదారు పక్కకు రాగానే ఆగాడు.

"అయ్యా, మీ గోడకు కన్నం వేసిన మాట నిజం. ఆ కోపం కాస్త పక్కన పెట్టి, ఒక్కటి చెప్పండి. పాట బాగుందా, లేదా?"

పోలీసులు కాస్త దూరంగా ఉన్నారని చూసుకుని, దుకాణదారు అతని చెవి దగ్గరకు వంగాడు.

"పాట ఎవరు విన్నారయ్యా? మొదటి రోజు నుంచీ నేను విన్నది మీ డ్రిల్లే."