వెయ్యి మంది దాటాలి

"ఆరు వరసల రోడ్డన్నాక మధ్యలో గోడ ఉండి తీరాలమ్మా" అన్నాడు ఇంజనీరు, ఫ్యాను గాలికి లేచిపోతున్న మ్యాపును మోచేత్తో నొక్కిపట్టి.

"గోడ మీ ఇష్టం బాబూ. మా కొట్ల దగ్గర మాత్రం మనిషి పట్టే సందు ఒకటి వదలండి" అంది టైలరమ్మ.

స్కూలు హాల్లో కూర్చున్న వాళ్లంతా అవునవునన్నారు. రోడ్డు వెడల్పు చేయొద్దని వాళ్లెవరూ అనలేదు. నిన్నటిదాకా పొలాలున్న చోట ఇవాళ మూడంతస్తుల ఇళ్లు లేచాయి, లారీలకీ బస్సులకీ దారి చాలడం లేదు, నిజమే. కానీ ఆ మ్యాపులో గోడ మూడు కిలోమీటర్లు ఎక్కడా తెగకుండా పోతోంది. టైలరమ్మ గుండెల్లో రాయి పడింది అక్కడే. చొక్కాలు కుట్టేది రోడ్డుకి ఇవతల ఆమె కొట్లో. కాజాలు తీసే మిషను అవతల, వాళ్ల అక్క కొట్లో. రెండు మిషన్లూ ఒకచోట పెడదామంటే ఏ కొట్టూ చాలదు, కొలతలివ్వడానికి వచ్చినవాడే మెట్ల మీద నిలబడాలి. ఇక గోడ లేచిందంటే ఒక్కో చొక్కా కాజాల కోసం ఆరు కిలోమీటర్లు తిరిగి రావాలి. రెండు కొట్లకీ తాళాలే.

రోజూ ఎంతమంది దాటుతారేంటి అక్కడ, అని ఇంజనీరు అడిగాడు. టైలరమ్మ తడుముకోకుండా వెయ్యి మంది అనేసింది. అయితే సరే, దారి వదలడానికి రూలు కూడా వెయ్యే అన్నాడాయన. బుధవారం మా మనుషులొచ్చి పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా లెక్క తీస్తారు, ఏదైనా ఆ లెక్కని బట్టే, అని మ్యాపు చుట్టేశాడు.

బయటికి రాగానే అక్క చెల్లెలి మీద విరుచుకుపడింది.

"వెయ్యి మందేమిటే నీ మొహం! వంద మంది దాటితే గొప్ప."

"దాటిద్దాం, అదెంత పని" అంది చెల్లెలు.

బుధవారం తెల్లారేసరికి ఇద్దరు మనుషులు రోడ్డు పక్కన గొడుగు పాతి, స్టూళ్లు వేసుకుని కూర్చున్నారు. చేతుల్లో బొత్తాము నొక్కితే అంకె మారే చిన్న మిషన్లు. టైలరమ్మ మంచినీళ్లిచ్చి మాట కలపబోయింది. జనంతో మాట్లాడొద్దని మాకు ఆర్డరు అన్నారు వాళ్లు. మాట్లాడకపోతే పోయారు, బొత్తాము నొక్కితే చాలనుకుందామె.

ఇక చూడాలి ఆ సంబరం! మంగలి సగం గీసిన గడ్డంతో ఉన్నవాణ్ని వెంటబెట్టుకుని అటు వెళ్లాడు, మిగతా సగం గీసి ఇటు తెచ్చాడు. రిటైరైన హెడ్మాస్టరు పేపరు చదువుకుంటూ అటూ ఇటూ పచార్లు. పెద్దావిడ ఒకావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని నాలుగుసార్లు దాటి, అవతల కూర్చోడానికి కుర్చీ వేసిన పాపాన పోలేదెవరూ అని సణిగింది. టైలరమ్మ ఒక్క చొక్కాతోనే రోజంతా లాగించింది. ఒకసారి కాలరు పట్టుకెళ్లింది, ఒకసారి కుడి కఫ్ఫు, ఇంకోసారి ఎడమ కఫ్ఫు. అక్క ఒక్కో కాజా తీసి వెనక్కి తెచ్చిచ్చింది.

లారీవాళ్లకి తల ప్రాణం తోకకొచ్చింది. నిమిషానికోసారి బ్రేకు తొక్కాలి, తొక్కితే ఆ పెద్దావిడ తీరిగ్గా నడవాలి. తొమ్మిది కొట్టేలోపే తిట్టీ తిట్టీ నోళ్లు నొప్పెట్టి, ఊరి బయటినుంచే బళ్లు తిప్పుకుని రాతి క్వారీ మీదుగా పోయే రోడ్డెక్కారు. ఆ దారిలో చూద్దామన్నా ఒక్క ఇల్లు లేదు, అడ్డొచ్చే మనిషి లేడు. ఊళ్లోవాళ్లకి మరీ హాయైంది, అటూ ఇటూ చూసే పని కూడా లేకుండా దాటేశారు. మధ్యాహ్నం గొడుగు కింద ఒకాయన కునుకు తీస్తుంటే టైలరమ్మకి ఒళ్లు మండింది. పక్కన నిలబడి గట్టిగా దగ్గి లేపి, మళ్లీ దాటింది.

పోస్ట్‌మాన్ అరుగు మీద కూర్చుని తన లెక్క తాను రాసుకున్నాడు. ఆరింటికి ఇంకో పావుగంట ఉందనగా ఆ లెక్కలో వెయ్యో మనిషిగా దాటింది అక్క, చేతిలో పూర్తైన చొక్కాతో. ఈలలు, చప్పట్లు. అక్కచెల్లెళ్లిద్దరూ రోడ్డు పక్కనే కావలించుకుని ఏడ్చేశారు, సంతోషం పట్టలేక.

పది రోజులు గడిచాక ఇంజనీరు మ్యాపు చంకలో పెట్టుకుని కొట్టు మెట్లెక్కాడు. ముఖం వేలాడేసుకున్నాడు. మీకు చేదు వార్త చెప్పాల్సొస్తోందమ్మా, అన్నాడు. అవతలినుంచి అక్క పరుగెత్తుకొచ్చింది. మంగలి కత్తెర పట్టుకునే వచ్చేశాడు.

"వెయ్యి మంది దాటారు బాబూ, ఈ కళ్లతో చూశాం. మీవాళ్లు తప్పు రాశారా?" అంది టైలరమ్మ.

"మనుషుల లెక్క వచ్చే నెలమ్మా" అన్నాడాయన తల దించుకుని. "ఆ రోజు మావాళ్లు రెండు రోడ్ల మీదా కూర్చుని లెక్కపెట్టింది బళ్లని. మీ రోడ్డున పట్టుమని రెండొందలు కూడా పోలేదు, అన్నీ క్వారీ దారినే పోతున్నాయి. అందుకని ఆరు వరసలూ ఆ గోడా అక్కడికే మార్చేశారు, మీ రోడ్డు మాత్రం పాపం ఎలా ఉన్నది అలాగే ఉండిపోతుంది."