పేరు గడి

"క్లయింట్ల పేర్లు మర్చిపోతే లాయరు పుట్టి మునిగినట్టే తల్లీ. పరిచయాలు గుర్తుపెట్టే యాప్ ఏదైనా మంచిది చూసిపెట్టు," అంది అమ్మ, నల్లకోటు విప్పి కుర్చీకి తగిలిస్తూ.

మూడు చూపించాను. మొదటిదాంట్లో ఫొటో మరీ చిన్నదని పెదవి విరిచింది. రెండోదాంట్లో చివరిసారి ఏం మాట్లాడుకున్నామో రాసుకునే చోటు లేదంది.

"కోర్టులో సాక్షిని కూడా ఇంతలా పీక్కుతినవేమో కదమ్మా!"

పకపకా నవ్వింది. మూడోది నచ్చింది.

"ముందు ఎవర్ని ఎక్కిద్దాం? మీ సీనియర్‌గారినా?"

"నిన్నే."

నా ఫొటో తీసింది. 'ఎలా పరిచయం' అన్న గడిలో 'నా కూతురు' అని రాసింది. నాకు నవ్వొచ్చింది. 'చివరిసారి మాటలు' అన్నచోట 'నన్ను నవ్వించింది' అని రాసింది.

పైన పేరు గడి మాత్రం ఖాళీగానే ఉంది. దానిమీద వేలు పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

"ఇదొక్కటీ నువ్వే రాయి తల్లీ," అంది, నా కళ్లలోకి చూడకుండా.

కొన్నాళ్లుగా నన్ను పేరుతో పిలవడం మానేసి, తల్లీ అనే పిలుస్తోంది. ముద్దుకనుకున్నాను.