ఒకే కొలత కోటు

ట్రెవర్ తొడుక్కున్న కోటు తనది కాదు.

ఆసుపత్రి వ్యాయామం గదిలో కొక్కేనికి ఉన్నది తీసి వేసుకున్నాడు. భుజాల దగ్గర కుట్టించినట్టే సరిపోయింది. జేబులో చెయ్యి పెడితే ఎవరివో అల్లం బిళ్ళలు తగిలాయి.

"అది నాది గురూ. నీది నాకు సరిపోయిందిలే" అన్నాడు కొత్తగా వచ్చిన లెన్.

డర్హంలో రాళ్ళు చెక్కి, ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు పాడు చేసుకున్న మనిషి.

"ఛాతీ ఒకటే మనది. రక్తం?"

"ఓ పాజిటివ్."

"నాదీ అదే. ఇంకేం, కవలలం."

ట్రెవర్ నవ్వలేదు. ఇద్దరూ కొత్త ఊపిరితిత్తుల కోసం ఎదురుచూస్తున్నవాళ్ళే. వరసలో లెన్ పేరే ముందుంది. సరిపోయేవి వస్తే ముందు అతనికే.

ఆ రోజు నుంచి లెన్ దగ్గితే ట్రెవర్‌కు హాయి. దగ్గకపోతే మంట.

మరుసటి వారం ట్రెవర్ తన భార్య డోరీన్‌ను వీల్‌చైర్‌లో తీసుకొచ్చాడు. మతిమరుపు ముదిరి ఆమెను ఇంట్లో వదిలే వీల్లేదు. మొగుడి పేరు తప్ప ఆమెకు ఇంకేమీ మిగల్లేదు.

లెన్ ఆమె ముందు వంగి అల్లం బిళ్ళ చేతిలో పెట్టాడు. "మహారాణిగారు వస్తున్నారని ముందే చెప్తే గడ్డం గీసుకొచ్చేవాణ్ణి కదా."

డోరీన్ నవ్వింది. ఎన్నాళ్ళుగానో మొగుడికి దక్కని నవ్వు.

ట్రెవర్ ఆ బిళ్ళ ఆమె చేతిలోంచి లాక్కున్నాడు.

"మా ఆవిడకి బిళ్ళలు పడవు."

"కోపమెందుకోయ్. ఈమెకి నువ్వు కాక ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. నేను పోతే ఈమె పనీ అయినట్టే. నీకేంలే, ఒంటికాయ సొంటికొమ్మువి."

"అదీ నిజమే" అన్నాడు లెన్.

పై వారం వ్యాయామం గది కిటికీకి ఎదురుగా, బయట బల్ల మీద కూర్చుని లెన్ ఈ-సిగరెట్ పీలుస్తున్నాడు. తెల్లటి పొగ మబ్బులా లేచింది.

ట్రెవర్ నిర్ఘాంతపోయాడు. సిగరెట్టయినా, ఈ-సిగరెట్టయినా, ఒక్క దమ్ము లాగితే పేరు కొట్టేస్తామని నర్సు మోరీన్ మొదటి రోజే అందరికీ చెప్పింది. తను పళ్ళు బిగబట్టి మానుకున్నాడు. వీడికెంత కొవ్వు?

లెన్ ఇటు చూశాడు. దాచుకోలేదు. ఇంకో దమ్ము లాగాడు.

ట్రెవర్ తిన్నగా మోరీన్ దగ్గరికి వెళ్ళాడు. "సిస్టర్, నేను చెప్పానని అనొద్దు గానీ..."

రక్తం పరీక్షలో తేలిపోయింది. లెన్ పేరు కొట్టేశారు.

చలి తగ్గేసరికి ట్రెవర్‌కు కొత్త ఊపిరితిత్తులు వచ్చాయి. ఎండాకాలానికి డోరీన్‌ను తనే ఎత్తి కుర్చీలో కూర్చోబెడుతున్నాడు.

పరీక్షకు వెళ్ళిన రోజున ఆసుపత్రిలో ఒక ముసలావిడ ఎదురైంది. చేతిలో మడత పెట్టిన కోటు.

"ట్రెవర్ అంటే మీరేనా? నేను లెన్ అక్కని. వాడు పోయిన నెల వెళ్ళిపోయాడు. ఇది మీకే సరిపోతుంది, ఇచ్చెయ్యమన్నాడు."

ట్రెవర్ కోటు వైపు చూడలేదు. "పాపం. ఆ పొగ మానుకునుంటే బతికేవాడు."

"పొగా? పుట్టి బుద్ధెరిగాక సిగరెట్టు ముట్టిన మనిషి కాదండీ. అలాంటివాడు మీ ఆవిడని చూసొచ్చిన మర్నాడు నన్ను వెంటేసుకుని ఈ-సిగరెట్ల దుకాణానికెళ్ళాడు. ఎందుకో నాకిప్పటికీ తెలీదు. ఏ రుచి కావాలని వాళ్ళడిగితే, ఏదైనా ఒకటేనన్నాడు."

ఆమె కోటు అతని చేతుల్లో పెట్టింది.

"కిటికీ అవతలి నుంచి చూసినా పొగ బాగా కనబడేది ఇమ్మన్నాడు."