మెడలో ఫ్యాన్ బెల్టు

"లే బెల్టూ, పలక పరిచాను."

జ్వరంతో గోనెసంచి కప్పుకుని పడుకున్న మనిషిని ఎన్సియా కాలితో కదిపాడు.

"ఇవాళ వద్దు నాయనా. ఒళ్ళు కాలిపోతోంది."

"ఓడిపోవడానికి ఓపికెందుకు? ఊరికే కూర్చో, మిగతాది నేను చూసుకుంటాను."

షెడ్డులో మెకానిక్కులందరూ పగలబడి నవ్వారు.

కుమాసీలో పాత లారీలు విప్పే ఆ పేటలో మధ్యాహ్నం అయ్యేసరికి స్పానర్లు కిందపడతాయి. డామీ ఆడే గళ్ళ పలక బయటికొస్తుంది. నల్ల కాయలు, తెల్ల కాయలు, చుట్టూ పాతికమంది. అక్కడ చేత్తో సగం ఆడితే నోటితో సగం ఆడతారు. ఎదుటివాడి కాయ చంపుతూ వాడి మొహాన్నీ, వాడి పెళ్ళాం వంటనీ తిట్టకపోతే అది ఆటే కాదు. నోటి విషయంలో ఎన్సియాని కొట్టినవాడు లేడు. ఆటలోనూ లేడని అతని నమ్మకం.

బెల్టు అసలు పేరేమిటో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. యాభై దాటిన మనిషి. ఆరేళ్ళ క్రితం ఎక్కడినుంచో వచ్చి టైర్ల కొట్టుకి కాపలా కుదిరాడు. యాసని బట్టి సముద్రం వైపువాడని మాత్రం తెలుసు. పిలిచినవాడితోనల్లా ఆడతాడు. ఆడిన ప్రతి ఆటా ఓడతాడు.

వరసగా పది ఆటలు ఓడినవాడి మెడలో తెగిన ఫ్యాన్ బెల్టు వేసి, డబ్బాలు వాయిస్తూ పేటంతా తిప్పడం అక్కడి రివాజు. ఎవరికైనా ఏడాదికోసారి పడితే ఎక్కువ. ఇతనికి వారం వారం పడేది. చివరికి అదే పేరైపోయింది.

సెకొండీ రేవులో ఏటా ఒక డామీ పోటీ జరుగుతుంది. ఎప్పుడో చనిపోయిన ఆటగాడి పేరు మీద పెడతారు. ఎన్సియా రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ మొదటి ఆటలోనే ఓడి వచ్చాడు.

"మూడోసారి కూడా అంతే అయితే ఆ ఫ్యాన్ బెల్టు నీ మెడకే," అని పేట తేల్చి చెప్పింది.

అందుకే రోజూ ఈ సాధన. బెల్టు వణుకుతూ వచ్చి కూర్చున్నాడు.

ఎన్సియా కాయ ఎదురుగానే ఉంది. బెల్టు దాన్ని చంపొచ్చు. చంపలేదు. ఆ ఆటలో అందిన కాయని చంపకుండా వదిలేస్తే, వదిలేసినవాడి కాయే పోతుంది.

ఎన్సియా బెల్టు కాయని తీసి ఊదాడు. "కళ్ళు ఏ కొట్లో వదిలేసి వచ్చావురా?"

"కనిపించలేదు నాయనా." నెమ్మదిగా అన్నాడు. "ఆ మూల కాయని అంత తొందరగా కదపకు. సెకొండీలో అయితే అక్కడే మింగేస్తారు."

"విన్నారా? బెల్టు నాకు పాఠం చెబుతున్నాడు."

మళ్ళీ నవ్వులు. పదో ఆట అయిపోయింది.

"వదిలెయ్ తమ్ముడూ, ఎండ మండిపోతోంది. పడిపోతాడు," అన్నాడు లారీలకి రంగులేసే ఆడూ అనే అతను.

"పడితే నేను లేపుతాలే."

మెడలో ఫ్యాన్ బెల్టు పడింది. డబ్బాలు మోగాయి. మూడో సందు మలుపులో మనిషి కూలిపోయాడు. ఎన్సియా లేపలేదు. ఆసుపత్రికి మోసుకెళ్ళింది రంగులేసే ఆడూ ఒక్కడే.

రెండో రోజుకి ప్రాణం పోయింది. ఊరు తెలియదు, అయినవాళ్ళు తెలియదు. అక్కడ చావు తంతులు జరిపేది శనివారాలే; ఆ శనివారం అతని కోసం ఎవరూ నల్లబట్ట కట్టలేదు, ఒక్క డప్పూ మోగలేదు. ఆసుపత్రివాళ్ళే ఎక్కడో పూడ్చేశారు.

"నా ఖర్మ," అన్నాడు ఎన్సియా. "పోటీ ఇంకా నెల ఉంది. ఇప్పుడు ఎవడితో ఆడాలి?"

నెల తర్వాత సెకొండీలో మొదటి కాయ చంపగానే అలవాటుగా నోరు తెరిచాడు. ఎదుటివాడు వేలు చూపించాడు.

"ఇక్కడ తిట్లు లేవని మరిచావా తమ్ముడూ? నోరు మూసుకుని ఆడాలి."

ఆడాడు. ఆశ్చర్యం, ఏ ఆట చూసినా ఎప్పుడో ఆడినట్టే ఉంది. ఎక్కడ ఉచ్చు పన్నుతారో, ఏ కాయ వదులుకుంటే ఎన్ని చేతికొస్తాయో ముందే తెలిసిపోతోంది. ఈ ఆటలన్నీ బెల్టు తన ముందు కూర్చుని ఓడినవే. ఆ సంగతి తట్టింది. దులిపేసుకున్నాడు. సాయంత్రానికి గెలిచాడు.

రేవులో చేపలు కాల్చి అమ్మే ఎఫువా, గెలిచినవాడికి అన్నం పెట్టడం అక్కడి ఆనవాయితీ. డెబ్భై దాటిన మనిషి. పళ్ళెం ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఈ ఎత్తులు ఎవరు నేర్పారు బాబూ? ఇవి నాకు తెలిసినవాడొకడివి."

"నాకొకడు నేర్పాలా అమ్మా? నేనే నేర్చుకున్నాను."

"మీ పేటలో ఎప్పుడూ ఓడిపోయే మనిషి ఎవరైనా ఉన్నాడా?"

ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. "ఎందుకు?"

"పదిహేనేళ్ళయింది. ఇదే పలక మీద ఇద్దరు ఆడారు. గెలిచినవాడు, నువ్వు పుట్టకపోయినా ఈ రేవుకి నష్టం లేదురా అన్నాడు. అప్పట్లో ఆటలో అందరూ అనేదే. ఓడినవాడు నా కొడుకు. తెల్లారి సముద్రంలోకి నడిచి వెళ్ళిపోయాడు. ఆ గెలిచినవాడు శవం మీద చెయ్యేసి, బతికున్నంత కాలం ఇంకొక్క ఆట గెలవనని ఒట్టు పెట్టుకుని ఊరొదిలి పోయాడు. ఈ పోటీ పోయినవాడి పేరు మీద పెట్టినా, ఉన్నవాడు వస్తాడనే నా ఆశ. పలక చూడకుండా వాడు బతకలేడు."

"అలాంటివాడు మా దగ్గర ఎవడూ లేడమ్మా."

"కనిపిస్తే చెప్పు బాబూ. తప్పు నీది కాదంది, ఇంటికి రమ్మంది అని చెప్పు."

ఎన్సియాకి ఎలాగోలా ఆమెకే ఆ మనిషి మీద కోపం పుట్టించాలనిపించింది.

"నీ కొడుకుని పొట్టనబెట్టుకున్నవాడి కోసం ఇన్నేళ్ళు ఈ వెతుకులాట ఏమిటమ్మా?"

"వాడూ నా కడుపున పుట్టినవాడే కదా బాబూ, పెద్దవాడు," అని ఎఫువా అతని పళ్ళెంలో ఇంకో చేప వడ్డించింది.