లింకు తెగిన బొమ్మ

ఓడ సువా రేవు వదులుతుండగా ఉనైసి ఫోను మోగింది.

"కొత్త షీటు మెయిల్లో పంపాను. స్లైడుల్లో ఉన్నవి పోయినేటి లెక్కలు. లెవుకా చేరేలోగా మార్చెయ్," అన్నాడు ఆమె పైఅధికారి వినేష్.

"నేనా సార్? ఆ చార్టులు మీరు చేసినవి కదా!"

"షీటుకి లింకు చేసే ఉన్నాయమ్మా. అప్‌డేట్ నొక్కితే వాటంతట అవే మారతాయి," అని దగ్గుతూ ఫోను పెట్టేశాడు.

దీవుల్లోని చిన్న బడుల మీద ఆ మధ్యాహ్నమే లెవుకాలో మీటింగు. వినేష్ జ్వరంతో పడుకోవడంతో, ఆ పని విద్యాశాఖలో కొత్తగా చేరిన ఉనైసి మెడకు చుట్టుకుంది.

షీటు దించుకుంది. లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అప్‌డేట్ నొక్కింది.

'లింకు చేసిన ఫైలు దొరకలేదు' అంది తెర.

మళ్లీ నొక్కింది. మళ్లీ అదే మాట.

మీటింగులో పంచిపెట్టాల్సిన రిపోర్టు తెరిచింది. అందులో చార్టు బొమ్మ కూడా కదల్లేదు.

వినేష్‌ని అడుగుదామంటే ఓడ పగడపు దిబ్బ దాటేసింది. సిగ్నల్ లేదు.

ఏడుపొచ్చినంత పనయింది.

"ఏమైంది తల్లీ?"

పక్క బెంచీ మీద నెరిసిన జుట్టు పెద్దాయన. లుంగీలాంటి సులూ కట్టుకుని, రబ్బరు చెప్పులేసుకున్నాడు. ఒళ్లో ఉడికించిన కర్రపెండలం మూట.

"కంప్యూటరు గొడవలే పెద్దాయనా. గాలం వేసి చేప పట్టినట్టు కాదు."

"నిజమే. చేపైతే ఈపాటికి పడేది." నవ్వుతూ ఒక ముక్క అందించాడు. "ముందు తిను. ఖాళీ కడుపుతో ఏడిస్తే నీరసం."

ఆమెకీ నవ్వొచ్చింది. తింటూ సంగతంతా చెప్పింది.

"ఇక నావల్ల కాదు మామా. పాత బొమ్మే చూపించేస్తా. అడిగేదెవరు?"

ఆయన తెర మీదికి వంగి చూశాడు. బడికో నీలం కడ్డీ. వాటికి అడ్డంగా ఒక ఎర్ర గీత.

"ఈ గీతేమిటి?"

"ఇరవైమంది పిల్లలు. అంతకన్నా తగ్గిన బడిని మూసేసి, పిల్లల్ని పక్క దీవి హాస్టల్‌కి పంపుతారు. పాత బొమ్మలో అన్నీ గీతకి పైనే ఉన్నాయి. అందరూ నవ్వుకుంటూ ఇంటికి పోతారు."

"కొత్త లెక్కలో?"

"నేను చూడలేదు."

ఓడ ఒక పెద్ద అల మీద లేచి దిగింది. ఆయన కర్రపెండలం మూట ముడి వేసి పక్కన పెట్టాడు.

"ఇలా ఇవ్వు," అన్నాడు చివరికి.

"మీకొచ్చా?"

"కొద్దో గొప్పో. చూడు, ఈ బొమ్మ ఇంకా మీ ఆఫీసు కంప్యూటర్లో ఉన్న షీటునే వెతుకుతోంది. అదిక్కడ దొరకదు. నువ్వు దించుకున్నది ఎక్కడ పెట్టావో దీనికి చూపించాలి."

లింకులున్న చోటు తెరిచాడు. పాత దారి మార్చి కొత్త షీటు చూపించాడు. రిపోర్టుకీ అలాగే చేశాడు.

'అప్‌డేట్ చేయమంటారా?' అని అడిగింది తెర.

ఆయన వేలు ఆగిపోయింది.

"నొక్కండి మామా, లెవుకా వచ్చేస్తోంది!"

నొక్కాడు.

కడ్డీలన్నీ ఒక్కసారి కదిలాయి. కొన్ని పెరిగాయి. చివరిది కుంగి, గీత కిందికి జారింది. నసోలో అనే ఊరి బడి. పద్దెనిమిది మంది.

"అయ్యో, ఒకటి పడిపోయింది," అంది ఉనైసి. "పోనీ, పాత బొమ్మే ఉంచేద్దామా? పాపం పిల్లలు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"వద్దు తల్లీ. తెలిస్తే నీ ఉద్యోగం పోతుంది."

లాప్‌టాప్ మూసి ఆమె చేతికిచ్చాడు. ఓడ ఆగింది. "వినాకా మామా!" అని ఆమె కృతజ్ఞతగా అరిచేసరికే జనంలో కలిసిపోయాడు. పేరైనా అడగలేదే అనుకుంది ఉనైసి.

మీటింగు హాలు నిండిపోయింది. తెర మీద బొమ్మ పడగానే గుసగుసలు మొదలయ్యాయి.

ముందు వరసలో ఒక తల్లి లేచింది.

"మాది నసోలో ఊరు. మా పిల్లకి ఆరేళ్లు. నేను పక్కన లేకపోతే నిద్రపోదు. హాస్టల్లో ఎలా ఉంటుంది?"

మీటింగు అధ్యక్షురాలు కాగితాలు తిరగేసింది.

ఆమె ఉనైసి వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. ఆ బొమ్మ తెచ్చింది నువ్వే కదా."

ఉనైసి వేలు అప్రయత్నంగా లాప్‌టాప్ మీట మీదికి వెళ్లి, వెనక్కి వచ్చేసింది. ఇప్పుడు ఏది నొక్కినా ఆ కడ్డీ పైకి లేవదు.

"నిబంధన అందరికీ ఒకటే," అంది అధ్యక్షురాలు తల ఎత్తకుండా. మూసెయ్యాలని చేతులు లేచాయి. నసోలో బడి మూతపడింది.

ఆ తల్లి ఇంకా నిలబడే ఉంది.

"నసోలో హెడ్‌మాస్టరు గారు వస్తామని కబురు చేశారు," అంది అధ్యక్షురాలు. "ఇంకో ఏడాది గడువు అడుగుతామన్నారు. వచ్చారా?"

వెనక వరసలో కుర్చీ జరిగిన చప్పుడయింది.

"వచ్చానమ్మా. అడగడానికి ఇంకేం లేదు, ఆ లెక్క పంపింది నేనే," అంటూ, పొద్దున ఓడలో ఉనైసికి కర్రపెండలం పెట్టిన పెద్దాయన లేచి నిలబడ్డాడు.