గ్లాసు చప్పుడు

పళ్లాస్పత్రిలో పారాయణం వినిపించాలన్న ఆలోచన చిన్న డాక్టరమ్మది.

పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్లు కుర్చీ ఎక్కకముందే దవడ బిగించేసేవారు. నోరు తెరిపించేసరికి ఆమెకు తలప్రాణం తోకకు వచ్చేది.

దైవవాక్కు చెవిన పడితే మనసు తేలికవుతుందని చిన్నప్పటినుంచీ వింటున్నదే. నిజంగా అవుతుందా, ఊరికే అనుకుంటామా? అది తేల్చుకోవాలని ఆమెకు ఒకటే ఆరాటం.

పళ్లు పీకేచోట పారాయణాలేమిటని పెద్ద డాక్టరు నవ్వాడు. అయినా పక్కగది ఖాళీగానే ఉంది కదా, కొత్త ఎక్స్‌రే మిషను వచ్చేదాకా వాడుకోమన్నాడు. గుణం కనిపిస్తే గది ఆమెది, లేకపోతే మిషనుది.

ప్రార్థనా మందిరం బాగోగులు చూసే మావయ్య ఒక పాత క్యాసెట్టు తెచ్చిచ్చాడు. కాలం చేసిన ఒక పెద్దాయన చదివిన పారాయణం. కంప్యూటరులోకి ఎక్కిస్తుండగానే ఆ టేపు నలిగి పుటుక్కున తెగింది. ఎక్కాల్సింది ఎక్కింది కదా అని ఆమె పెద్దగా పట్టించుకోలేదు, తెగినదాన్ని పారేసింది.

గదిలో ఒక సోఫా, హెడ్‌ఫోన్లు. అంతే సరంజామా.

విచిత్రం, పనిచేసింది.

నమ్మేవాళ్లకీ పనిచేసింది, నమ్మనివాళ్లకీ పనిచేసింది. ఇలాంటివి తనకు పడవని మొహం చిట్లించుకుని కూర్చున్న లారీ డ్రైవరు కూడా, కుర్చీ ఎక్కాక బుద్ధిగా నోరు తెరిచాడు. చిన్న డాక్టరమ్మ ఉబ్బితబ్బిబ్బయింది.

అందరిలోకీ వింత మనిషి ఒక బామ్మ.

కట్టుడుపళ్లు గుచ్చుకుంటున్నాయంటూ వచ్చేది. చూస్తే ఎక్కడా లోపం కనిపించేది కాదు. ఊరికే కాస్త రుద్ది ఇచ్చి పంపితే, నాలుగు రోజులకే మళ్లీ ప్రత్యక్షం. వచ్చిన ప్రతిసారీ ముందు కాసేపు వింటానని గదిలోకి వెళ్లేది. పీకడానికి పన్నే లేని మనిషికి భయమేమిటని స్టాఫంతా చాటుగా నవ్వుకునేవారు.

పోనీ పూర్తిగా వినేదా అంటే అదీ లేదు. కళ్లు మూసుకుని సగందాకా వినేది, చిన్నగా నవ్వుకునేది, లేచేది.

చివరిదాకా వింటేనే గుణమని చిన్న డాక్టరమ్మ ఒకసారి మందలించింది.

"నాకు ఇంతవరకు చాలమ్మా" అంది బామ్మ.

ఇంతలో పెద్ద డాక్టరు తానే వచ్చి చూస్తానన్నాడు. చిన్న డాక్టరమ్మకు కంగారు పుట్టింది. పారాయణం మధ్యలో ఆ పెద్దాయనకు దగ్గు వస్తుంది. చదవడం ఆపి గటగటా నీళ్లు తాగుతాడు. బల్లమీద గ్లాసు టక్కుమంటుంది. వినేవాళ్లకు ఇదంతా పంటికింద రాయిలా ఉండదూ? ఆ ముక్క మొత్తం కత్తిరించి, మిగతాది అతికించి, పాతదాని మీదే సేవ్ చేసేసింది.

మర్నాడు మొదట వచ్చింది బామ్మే.

ఆరోజు చివరిదాకా వింది. హెడ్‌ఫోన్లు తీసి చేతిలో పట్టుకుని బయటికి వచ్చింది.

"మధ్యలో చప్పుడేదమ్మా?"

"దగ్గూ, గ్లాసు మోతా తీసేశాను బామ్మగారూ. ఇప్పుడు శుభ్రంగా ఉంది."

"మళ్లీ పెట్టడానికి వీలవదా?"

"లేదండీ, పాతది పోయింది. అయినా పారాయణం మొత్తం ఉందిగా, ఆ మోత ఎందుకు?"

బామ్మ హెడ్‌ఫోన్ల వైరు జాగ్రత్తగా చుట్టి సోఫామీద పెట్టింది. పళ్లు చూపించుకోకుండానే వెళ్లిపోయింది.

ఆ తర్వాత కుర్చీ ఎక్కినవాళ్ల దవడ ఒక్కటీ వదులు కాలేదు. పెద్ద డాక్టరు వచ్చి చూశాడు, జాలిగా తలాడించి పోయాడు. వారం తిరక్కుండా గదిలోకి మిషను వచ్చింది.

బామ్మ మళ్లీ రాలేదు.

చిన్న డాక్టరమ్మకు ఏం చేసినా మనసు మనసులో లేదు. మాటలన్నీ అవే, గొంతు అదే. పోయిందల్లా ఆ కాస్త ముక్క. ఉండబట్టలేక మావయ్య దగ్గరికి వెళ్లి అడిగింది.

మైకు చూడగానే పెద్దాయన బిగుసుకుపోయాడట. అప్పగించిన పాఠంలా మొదలుపెట్టాడట.

"మంచినీళ్లు తాగాకే ఆయన ప్రాణం కుదుటపడింది" అన్నాడు మావయ్య. "అక్కణ్ణుంచి గొంతు ఎంత హాయిగా ఉంటుందో గమనించలేదూ?"

ఆయన తాగుతుంటే వినేవాళ్లంతా తమకు తెలియకుండానే గుటక వేసి ఉంటారు. గుటక పడితే బిగించిన దవడ కాస్త సడలుతుంది. పళ్ల డాక్టరై ఉండీ అది తట్టనందుకు ఆమెకు తనమీద తనకే కోపం వచ్చింది. అయితే పారాయణంలో గుణం లేదా, ఆ నీళ్లలోనే ఉందా? రెండూ కలిస్తేనేమో. మళ్లీ మొదటినుంచి వినిపించి చూడాలనిపించింది.

"ఇంకో కాపీ ఇప్పించవా మావయ్యా?"

"ఇంకోటెక్కడిదే? ఉన్నది అదొక్కటే. ఆయన భార్య దాచుకున్నది. పదిమందికి పనికొస్తుందంటే మారుమాటాడకుండా తీసిచ్చింది. వినాలనిపిస్తే మీ ఆస్పత్రికి వెళ్లమన్నాను. ఊరికే వెళితే ఏం బాగుంటుంది, కట్టుడుపళ్లు చూపించుకునే వంకతో వెళతానంది. రావట్లేదా?"

ఆరోజు ఆయనకు నీళ్లు ఇచ్చిందెవరని అడిగింది చిన్న డాక్టరమ్మ.

"ఇంకెవరు, ఆవిడే" అన్నాడు మావయ్య. "తాగాక గ్లాసు అందుకుని బల్లమీద పెట్టిందీ ఆవిడే. వాళ్లిద్దరూ కలిసి వినిపించేది ఆ ఒక్కచోటేనట."