యాభై మూడు ఆమేన్‌లు

పైన ఏముందో చదవకుండా మీరెన్నిసార్లు "ఆమేన్" కొట్టారు?

మేడ్చల్‌లో నేను నడిపే ప్రార్థన వాట్సాప్ గ్రూపులో మొన్న మధ్యాహ్నం శాంసన్ రాశాడు: "నా భార్యకు కాన్పు కష్టమైంది. ఓ నెగెటివ్ రక్తం జల్దీ కావాలె."

ఐదు నిమిషాల్లో యాభై మూడు ఆమేన్‌లు పడ్డాయి. మొదటిది నాదే!

ఒక్కరు మాత్రం అడిగారు: "ఏ దవాఖాన అన్నా? నాది గదే రక్తం. వస్తున్న."

శామీర్‌పేటలో చేపలమ్మే రోజారాణి! మూడేళ్లుగా గ్రూపులో ఉంది, ముఖం ఎవరమూ చూడలేదు. బుట్ట పక్కామెకు అప్పగించి ఆటోలో వచ్చి రక్తమిచ్చింది.

ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. దేవునికి స్తోత్రం! అప్పటికి ఆసుపత్రికి చేరిన నేను వార్డు బయట గంతులేశాను.

"మీది ఏ సంఘం, సిస్టర్?" అని రోజారాణిని అడిగాను.

"సంఘమేందన్నా? మేం పోచమ్మకు బోనం చేసేటోళ్లం. ఎవరో అనుకొని మీరే నా నంబరు గ్రూపుల ఎక్కించిండ్రు. ముచ్చట్లు మంచిగున్నయని ఉండిపోయిన!"

శాంసన్ కళ్లు తుడుచుకుంటూ పకపకా నవ్వాడు. "బ్రదరూ, గిట్లాంటి తప్పు నంబర్లు ఇంకో నాలుగు ఎక్కియ్యుండ్రి!"

నవ్వుతున్నారా? మీ గ్రూపులోనూ ఎన్నడూ పలకని నంబరొకటి ఉంటుంది. అదెవరిదో కనుక్కోండి. రేపు కాదు, ఇవాళే, పొద్దు గుంకకముందే ఫోన్ చెయ్యండి!